చైత్రమాసపు పందిళ్లు

రాజమహేంద్రవరపు కళాచరిత్ర వ్రాయబూనినవారు సాధారణముగా రాజరాజనరేంద్రుని సభతో ఆరంభించి, నన్నయభట్టారకుని స్మరించి, అచ్చటినుండి ఎనిమిది శతాబ్దులను ఒక్క గంతున దాటి వీరేశలింగము పంతులుగారి యొద్ద దిగుదురు. ఈ నడిమికాలమున నగరమున పాట లేదా, ఆట లేదా, ప్రజలు చైత్రమాసపు రాత్రులను నిద్రలోనే గడిపిరా అని వారెవ్వరును ప్రశ్నింపరు. ప్రశ్నింపకుండుటకు కారణము స్పష్టమే: శాసనములు నిలిచినవి, తాళపత్రములు నిలిచినవి, తాటాకు పందిళ్లు నిలువలేదు. వేసవి చివర పందిరి ఊడదీసినంతనే దాని ఆకు పొయ్యిలోనికిని, దాని రాటలు పశువుల పాకలోనికిని పోయెడివి. అయినను గోదావరి మండలమున సంగీతమునకు, కథకు, నాటకమునకు వినువారిని, చూచువారిని తయారుచేసినది ఈ పందిరియే యని నా తలంపు. ఆస్థానములు విద్వాంసుని పోషించినవి. శ్రోతను పోషించినది మాత్రము పేటవారు చందాలెత్తి వేసికొన్న పందిరి.

వసంతముతో దీనికి ముడి ఎట్లు పడినదో తెలియవలెనన్నచో కోకిలలను విడిచి కాలువలను చూడవలెను. 1847లో ధవళేశ్వరమున కాటను దొర ఆరంభించిన ఆనకట్ట 1852 నాటికి ముగిసి, గోదావరి నీరు ఉభయ పార్శ్వముల కాలువలకు ఎక్కిన పిమ్మట, డెల్టా రైతు సంవత్సరమున కొక్క క్రొత్త తాళము ఏర్పడెను. సార్వాపంట మార్గశిర పుష్యమాసములలో కోతకు వచ్చును. కుప్పలు నూర్చి, ధాన్యము గాదెల కెత్తి, మిగిలినది అమ్ముకొనుసరికి మాఘము నడుచుచుండును. రెండవపంటయైన దాళ్వా ఇంకను అన్ని ఊళ్లకు ప్రాకని ఆ దినములలో, వేసవి వచ్చినంతనే మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు గనుక, మరల ఏరువాక సాగువరకు రైతుకు చేయవలసిన పని స్వల్పము, చేతిలో రొక్కము కొంత, ఊరిచుట్టు వేలమంది కూర్చుండదగిన ఎండిన నేల కావలసినంత. దానికి తోడు వసంత నవరాత్రులు శుక్లపక్షమున వచ్చును. పాడ్యమినాడు కానరాని చంద్రుడు దినదినము పెరిగి, నవమినాటికి అర్ధరాత్రి దాటువరకు ఇంటికి దారి చూపును. గ్యాసులైట్లు, పెట్రోమాక్సు దీపములు రాకపూర్వము ఇది చిన్న సౌకర్యము కాదు. కిరసనాయిలు ఖర్చు లెక్కలో కూడ చంద్రుడు పేటవారి పక్షముననే యుండెను.

పట్టణమున పేటయనునది ఒక పెద్ద ఊరిలోని చిన్న ఊరు. ఇన్నీసుపేట, ఆర్యాపురము, దానవాయిపేట, సీతంపేట, మంగళవారపుపేట—ఒక్కొక్కదానికి ఒక్కొక్క రామాలయమో, వేపచెట్టు నీడ రామపటమున్న అరుగో ఉండెడిది. ఫాల్గుణము చివరివారములో పెద్దమనుష్యులు నలుగురు ఇంటింటికి తిరిగి చందా వ్రాయించెడివారు. పుస్తకమున మొదటి పద్దు ఎవరిదైన, ఎంతటిదైన, తక్కినవారందరు దానిని చూచియే తమ చేయి విప్పుదురు గనుక, ఆ మొదటి పద్దు వేయించుటలోనే చందాలవారి చాతుర్యమంతయు ఉండును. మంచిదినము చూచి పందిరిరాట పాతి, పసుపు పూసి, మామిడాకు కట్టి, వెదురు వాసములపై తాటాకు పరచెదరు. కోనసీమలో తాటాకునకు బదులు కొబ్బరిమట్ట. రొక్కమీయలేని వడ్రంగి రాట ఇచ్చును, గీతకాడు ఆకు ఇచ్చును, కుమ్మరి పానకపు కుండలిచ్చును. ఇచ్చిన ప్రతివాడును ఆ తొమ్మిది రాత్రులు పందిరిలో గృహస్థుని వలె మెలగుచు, పాట చెడినచో పైకి చెప్పు అధికారము తనకు గలదని భావించును. ఈ అధికారభావమే మన ప్రాంతపు శ్రోతలకు గల పొగరునకును, రసజ్ఞతకును మూలము.

అట్లని ఈ పందిరి సర్వజనులకు సమానముగా తెరచియుండెననిన అబద్ధమగును. మాలపల్లి మాదిగపల్లి వారు దడికి ఆవల నిలిచి వినినవారే. స్త్రీలకు ఒక ప్రక్క తెరచాటున స్థలము, లేనిచో ఎదురింటి అరుగులు. చందా పుస్తకములలో పేర్లులేని ఆ మనుష్యులు దూరముననుండి విని కంఠస్థము చేసిన పద్యములు ఎన్నియో ఎవ్వరు లెక్కింపగలరు?

నవరాత్రులకు ప్రాణము హరికథ. విజయనగర ప్రాంతపు ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) సంగీత సాహిత్య నృత్యములను ఒక్క దేహమున కుదిర్చి ఈ కళకు ఇప్పటి రూపము నిచ్చిన పిదప, గోదావరి మండలమున ప్రతి పేటయు చైత్రమునకు ఒక దాసుగారిని కుదుర్చుకొనుట మర్యాదగా పాటించెను. పట్టుపంచె, మెడలో పూలమాల, కాళ్ల గజ్జెలు, చేత చిడతలు. వెనుక ఫిడేలు, మృదంగము. ఇంతకుమించి సరంజామా లేదు. తెర లేదు, వేషము లేదు, రెండవ నటుడు లేడు. అదే మనిషి ఒక క్షణము జనకుడై కంటనీరు పెట్టును, మరుక్షణము పరశురాముడై గొంతు మార్చును, అటుపిమ్మట ఇద్దరినీ ప్రక్కకు నెట్టి, ఆ ఊరి పిసినారి షావుకారును పోలిన మనుష్యునిగూర్చి పిట్టకథ యెత్తుకొనును. పండితులు పిట్టకథలను గర్హించిరి. కాని పిట్టకథ లేని హరికథకు మూడవ రాత్రికి జనము పలుచబడుట దాసులందరికి తెలిసిన సత్యము. నిద్రపోవు పిల్లలను లేపుటకు, వెనుకవరుసలోని పోట్లాటను మరపించుటకు, మృదంగకారునికి తాంబూలము వేసికొను వ్యవధి నిచ్చుటకు కూడ అది ఉపకరించెడిది. కథలో కల్యాణఘట్టము వచ్చునప్పటికి హారతిపళ్లెము జనములోనికి బయలుదేరును. దాసుగారు మంగళహారతి రాగమును ఎంతసేపు సాగదీయుదురన్నది పళ్లెము చివరివరుసను చేరుటపై ఆధారపడియుండునని హాస్యగాండ్రు చెప్పుకొనెడివారు. నవమినాడు తలంబ్రాలు, పానకము, వడపప్పు, దశమినాడు పట్టాభిషేకము, అంతటితో పందిరి దేవుని సొత్తుగా నుండుట మాని పేటవారి సొత్తగును. ఊడదీయుటకు ముందు ఆ పందిరిలో ఒక భాగవతమో, తోలుబొమ్మలాటయో ఆడించెదరు. కాకినాడ దాపున నున్న మాధవపట్టణపు బొమ్మలాటవారు రామాయణము నంతయు తోలుబొమ్మలలో మడిచి ఊరూర త్రిప్పినవారు; దాసుగారి కథ విన్న జనమే వారి తెరయెదుట మరల కూర్చుండి, అదే లంకాదహనమును క్రొత్తదాని వలె చూచెడిది.

నవరాత్రులకు మొదటిదినమే ఉగాది. ఆనాటి సాయంకాలము పంచాంగశ్రవణము. గోదావరి మండలములందు పిడపర్తివారి పంచాంగమునకు గల ప్రామాణ్యము ప్రసిద్ధము. ఆదాయవ్యయములు, రాజపూజ్య అవమానములు విని, తన రాశికి పదునాలుగు వ్యయము వచ్చినవాడు ప్రక్కవానిని చూచి నవ్వుకొనుటయు, పంటలు బాగుగా పండునన్నచో సభయంతయు తలలూపుటయు ఈ వేడుకలోని నాటకభాగము. ఉగాదిసభలలోనే అవధానములు కూడ రాణించినవి. కడియమున జన్మించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రియు, భీమవరము చెంత యెండగండికి చెందిన దివాకర్ల తిరుపతిశాస్త్రియు జంటకవులై అష్టావధాన శతావధానములను పండితుల చావడినుండి వీథిలోనికి తెచ్చి, ఛందస్సు తెలియనివారికి కూడ ఛందస్సుపై పందెము కాయు ఉత్సాహము కలిగించిరి. పిమ్మట వారు రచించిన పాండవోద్యోగ నాటకములలోని రాయబారపు పద్యములను, వ్రేలిముద్రగాండ్రైన రైతులు నాగలి మేడి పట్టుకొని పాడుకొనుట ఈ సీమలో వింతగా తోచినది కాదు.

ఇక నాటకము. ధార్వాడ కంపెనీవారు 1880 ప్రాంతమున తీరాంధ్ర పట్టణములలో తిరిగి, రాజమహేంద్రవరమున పాక వేసి, మనవారికి అలవాటులేని భాషలో నాటకములాడి ధనము గడించిరి. అప్పటికే వ్యవహార ధర్మబోధిని యను ప్రహసనమును శిష్యులచే ఆడించియున్న కందుకూరి వీరేశలింగము పంతులుగారు, ఆ కంపెనీ విడిచిపోయిన పాకలోనే తమ విద్యార్థులచేత చమత్కార రత్నావళిని ప్రదర్శింపజేసిరి. పరభాషవారు లాభము తీసికొనిపోయి, ఆకును, వాసములను మాత్రము మనకు వదలిపెట్టిరి. ఆధునికాంధ్ర నాటకము ఆ ఆకునీడనే తొలి అడుగులు వేసినది. వీరేశలింగముగారి జన్మదినమైన ఏప్రిలు 16 నేడు తెలుగు నాటకరంగ దినోత్సవముగా జరుపబడుచున్నది. అదియు వసంతముననే పడుట యాదృచ్ఛికమైనను ఉచితముగా నున్నది. పంతులుగారు ఈ తాత్కాలికపు పాకలతో తృప్తిపడలేదు; 1890లో ఊరికి ఒక పురమందిరమును కట్టించియిచ్చిరి. సంస్కర్తకు ఇటుకగోడలపై నమ్మకము మెండు. వడ్డాది సుబ్బారాయుడుగారు (వసురాయకవి) వేణీసంహారమును తెనిగించి రంగమున కెక్కించుటయు ఇంచుమించు ఈ కాలముననే. ఆయన పేరిట నాళము కృష్ణరావుగారు నెలకొల్పిన వసురాయ గ్రంథాలయము, పిమ్మట మరియొక గ్రంథాలయముతో కలిసి, గౌతమీ గ్రంథాలయమైనది.

పేటకును నాటకమునకును గల సంబంధము చూడవలెనన్నచో ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి సమాజమును చూడవలెను. ఒంగోలున మిషను పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నున్న ఈయన, నాటకాభిలాషను, టంగుటూరి ప్రకాశమను నిరుపేద శిష్యుని వెంటబెట్టుకొని రాజమహేంద్రవరము చేరిరి. ఖండవల్లిలో పుట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు, యౌవనారంభమున, ఈ సమాజము కొరకు 1889లో కీచకవధయు, దానిని అనుసరించి గయోపాఖ్యానమును వ్రాసిరి. రేచీకటి గల కవి రాత్రివేళ ఆడు నాటకములు వ్రాయుట విధివిలాసము. తన నాటకమును ఆయన కన్నులకంటె చెవులతోనే ఎక్కువగా అనుభవించియుండును. సంభాషణలలోని ఆ వేగము, ఆ బిగువు అందువలన వచ్చినవేమో యని నాకొక ఊహ. గయోపాఖ్యానము ముద్రణలో లక్ష ప్రతులు చెల్లినదని ప్రతీతి. చదువుటకు కొన్నవారు వారిలో తక్కువ. ఆడుటకు కొన్నవారే ఎక్కువ. కొండపల్లి వీరవెంకయ్యగారి వంటి రాజమహేంద్రవర ప్రచురణకర్తలు నాటకపుస్తకములను చౌకగా అచ్చువేయుటతో, ఏప్రిలు నెలలో ఏ ఊరిలోనైనను నలుగురు యువకులు కూడినచో ఒక పుస్తకము, ఒక హార్మోనియము, అరువు తెచ్చిన కిరీటము చాలియుండెను.

ఆ ప్రకాశమే తొలుత స్త్రీవేషములు, పిదప గయోపాఖ్యానమున అర్జునుని వేషము ధరించి ఊరివారి మెప్పు పొందెను. ఇన్నీసుపేటలో పెరిగి, ఆ పేట పోకిరుల స్నేహము మరిగి, వకీలై, 1904 ప్రాంతమున ఆ పట్టణపు మునిసిపాలిటీకి అధ్యక్షుడాయెను. తరువాతి కాలమున ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రియు నాయెను. ఆ మునిసిపాలిటీ ఎన్నికలలో ఆయనకు ఓటు వేసినవారిలో నాటకపు ముందువరుసలవారును ఉండియుందురు. వేయిమంది యెదుట మ్రాను వలె నిలువక, గొంతును చివరి రాట దాకా పంపుట నేర్చినవానికి రాజకీయ వేదిక క్రొత్తగా తోచునా?

వేదికలు ఇట్లు ఒకదానిలోనికొకటి కలిసిపోవుట 1907 ఏప్రిలులో అందరికి తేటపడెను. జాతీయోద్యమ నాయకులైన బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరమున కొన్నిదినములు వరుసగా ఆంగ్లమున ఉపన్యసింపగా, వానిని అప్పటికప్పుడు తెలుగున చెప్పినవారు ఎవరనుకొన్నారు? చిలకమర్తివారే. ప్రతి సాయంకాలము ఒక కథను విడిచినచోట మరల ఎత్తుకొనుట, వేలజనము నేలపై కూర్చుండి దానిని వినుట, ఇవి ఆ జనమునకు చైత్రమున తరతరాల అలవాటు. ఆ యేడు కథానాయకుడు మాత్రము మారెను. వందేమాతర నినాదములు చేసిన విద్యార్థులపై కళాశాలాధికారులు కినిసి, గాడిచర్ల హరిసర్వోత్తమరావు మొదలగువారిని వెడలగొట్టిన వృత్తాంతము లోకవిదితము.

అధికారులకు పందిరి యన్నను తేరన్నను గల భయము ఊరకే పుట్టినది కాదు. కోనసీమ తిరుపతి యని పేరొందిన వాడపల్లిలో చైత్రశుద్ధ ఏకాదశినాడు వేంకటేశ్వరస్వామివారి రథోత్సవము. 1931లో ఆ తిథి మార్చి 30న వచ్చినది. రథముపై దేవుని పటముతో పాటు గాంధీమహాత్ముని పటమును ఉంచిరన్న కారణమున పోలీసులు అడ్డగించుటయు, జనము మరలకుండుటయు, కాల్పులు జరిగి కొందరు ప్రాణములు విడచుటయు సంభవించెను. గాంధీ ఇర్విను ఒడంబడిక జరిగి అప్పటికి ఇంకను నెలదినములు నిండలేదు. తీర్థమునకు బొమ్మలు కొనుక్కొనవచ్చిన జనముపై తుపాకి పేలినదన్న వార్త కోనసీమలో ఎన్ని ఉపన్యాసములు చేయలేని పని చేసినది.

వసంతమునకు మరియొక ముఖము గలదు. మాఘ ఫాల్గుణములనుండి ఎండలు ముదురువరకు మశూచి చెలరేగు కాలము గనుక, రామునికి పందిరి వేసిన చేతులే అమ్మవారికి జాతర చేసెడివి. గరగలను, అనగా పడగలతో, రంగులతో, పూలతో అలంకరించిన ఘటములను, తలపై నిలిపి, డప్పుల దరువునకు గజ్జెకాళ్లతో ఆడుచు ఇంటింటికి వచ్చు గరగనృత్యము ఉభయ గోదావరి మండలముల సొంతసొమ్ము. ఘటమును చేతితో పట్టకుండ మెడ నిలిపియుంచి పాదములను మాత్రమే పరుగెత్తించు ఆ విద్యను శాస్త్రగ్రంథములేవియు వర్ణింపలేదు. బిందె నీరు, పసుపు పోసి ఎదుర్కొన్న ఇల్లాండ్రే దానికి పరీక్షాధికారులు. మశూచి దేశమును విడిచినదని 1977లో ప్రకటించిరి. జాతరలు విడువలేదు. భయము పోయిన పిదప కూడ నిలిచిన ఆటను ఆటయనియే ఒప్పుకొనవలెను గదా!

ఆ వ్యాధియే ఈ నగరమునకు తీరని అపకారమొకటి చేసెను. 1897 మార్చి 8న రాజమహేంద్రవరమున జన్మించిన దామెర్ల రామారావు, ఆర్ట్సు కళాశాల అధ్యక్షులైన కూల్డ్రే దొరగారి కంటబడి, వారి ప్రోత్సాహముననే బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు పోయి, తిరిగివచ్చి 1923లో సొంత ఊరిలో చిత్రకళాశాలను స్థాపించెను. పేర్లు తెచ్చిన రాజధానులను విడిచి, గోదావరి గట్టున కూర్చుండి, నీళ్లకు వచ్చు స్త్రీలను, ఎద్దులను, పాపికొండల నీడలను వ్రాయ సంకల్పించిన చిత్రకారునికి ఊరు ఒప్పగించినది ఏమి? రెండేండ్లు నిండకముందే, 1925 ఫిబ్రవరి 6న, మశూచి. ఇరువదియెనిమిదవయేడు నిండలేదు. కూల్డ్రే మరియొక శిష్యుడైన అడివి బాపిరాజుగారు చిత్రమును నవలను చెరియొక చేత నడిపిరి. వరదా వెంకటరత్నముగారు మిత్రుని పాఠశాలను నిలిపిరి. రామారావు చిత్రములు నేటికిని ఆ ఊరిలోనే స్మారక చిత్రశాలలో నున్నవి. హరికథకు చేరిన జనములో పదియవ వంతైనను అచ్చటికి పోదు. చిత్రమునకు చందా ఎత్తు అలవాటు మనకు లేకపోవుటయే దీనికి హేతువని తోచుచున్నది. ఎవ్వరును రాట ఇయ్యని చోట ఎవ్వరును గృహస్థులు కారు.

దేవాలయ కల్యాణోత్సవములలో, ముఖ్యముగా వసంతోత్సవమున, నర్తించిన కళావంతుల కథ వేరు. పిఠాపుర కుంతీమాధవస్వామి సన్నిధిని నవజనార్దన పారిజాతము, మేళముల గొల్లకలాపము, భామాకలాపము—ఇవి వారి కంఠముననే బ్రతికినవి. 1947 నాటి మద్రాసు శాసనము బాలికలను దేవునికి అర్పించు ఆచారమును నిషేధించినది, నిషేధింపవలసినదే. కాని ఆచారముతో పాటు ఆటను కూడ దోషిగా నిలిపిన పెద్దలు, తమ తండ్రులు ఆ మేళములకు ఎంత సంభావన లిచ్చిరో మరచినట్లు నటించిరి. పశ్చిమ గోదావరి బల్లిపాడు మదనగోపాలస్వామి ఆలయపు సరిదె మాణిక్యమ్మగారును, ముమ్మిడివరపు అన్నాబత్తుల బులి వెంకటరత్నముగారును తమకు వచ్చినదానిని దాచియుంచి, నాట్యాచార్యులైన నటరాజ రామకృష్ణగారు వెదకికొనుచు వచ్చినపుడు అడిగినదంతయు చూపిరి. ఆంధ్రనాట్యమని నేడు వేదికలపై గౌరవింపబడుచున్నది వారి అభినయమే.

1936లో నిడమర్తి సూరయ్యగారు రాజమహేంద్రవరముననే దుర్గా సినీటోను నెలకొల్పి సంపూర్ణ రామాయణమును తీసిరి. తొమ్మిది రాత్రుల కథ మూడు గంటలకు కుదించబడెను. కాకినాడ యంగు మెన్సు హ్యాపీ క్లబ్బు నాటకములలో ఆరితేరిన ఎస్.వి. రంగారావు, రేలంగి వంటివారు మదరాసునకు తరలిపోయిరి. పందిరికి ప్రతిగా పక్కా సభామందిరములు లేచినవి: రాజమహేంద్రిలో ఆనం కళాకేంద్రము, కాకినాడలో సూర్యకళామందిరము. వానకు తడియము, ఎండకు మాడము, కుర్చీలకు అంకెలుండును. దడి బయట నిలిచి వినువానికి మాత్రము గోడలోనుండి ఏమియు వినరాదు. ఈ ఒక్క విషయమున పందిరి చేసిన అన్యాయమును మందిరము పూర్తిచేసినది.

పేటలలో చైత్రపు పందిళ్లు ఇంకను లేచుచునేయున్నవి. తాటాకునకు బదులు అద్దెకు తెచ్చిన షామియానా, పెట్రోమాక్సునకు బదులు రంగురంగుల విద్యుద్దీపములు. కొన్ని తీర్థములలో దాసుగారి స్థానమును రికార్డింగు డాన్సు ఆక్రమించినది. దానిపై నిషేధమును, నిషేధమును దాటు ఉపాయమును ఏటేట కలిసియే నడచును. కపిలేశ్వరపురమున సర్వారాయ హరికథా పాఠశాల 1970ల నుండి పల్లెపిల్లలకు, అందును బాలికలకు, భోజనవసతి లిచ్చి హరికథ నేర్పుచున్నది. ఒకప్పుడు తెరచాటున కూర్చుండి వినినవారి మనుమరాండ్రు, నేడు చైత్రము వచ్చినంతనే గజ్జెలు కట్టి, చిడతలు పట్టి, పందిరినడుమ నిలిచి సీతాకల్యాణము చెప్పుచున్నారు; పిట్టకథలలోని పిసినారి మామగారు వారి నోట ఇంకొకింత గట్టిగానే దెబ్బలు తినుచున్నాడు.